టాపెట్ల రవూఫ్ చెవి

పటమటలో అబ్దుల్ రవూఫ్ షెడ్డుకు బోర్డు లేదు. అక్కర్లేదు కూడా. టాపెట్ల రవూఫ్ అంటే ఏ ఆటోవాడైనా గుమ్మంలో దింపేవాడు. ఇంజన్ తలలో వాల్వుకూ, దాన్ని నొక్కే టాపెట్ మరకూ మధ్య వెంట్రుకవాసి సందు ఉండాలి. తగ్గితే వాల్వు మాడుతుంది, పెరిగితే ఇంజన్ గలగలమంటుంది. లోకమంతా ఆ సందును ఉక్కు రేకులతో కొలుస్తుంది. రవూఫ్ మాత్రం చెవితో కొలిచేవాడు. ఇంజన్ నడుస్తుండగానే, నూనె చిందుతున్నా, చప్పుడు పూర్తిగా పోయేదాకా మర బిగించి, మళ్ళీ సన్నగా టిక్కుమనేదాకా వదిలేవాడు. బొత్తిగా నోరు విప్పని ఇంజన్‌ను నమ్మకూడదనేవాడు. గవర్నర్‌పేటలో ఎప్పుడో కొన్న రేకులు నూనెగుడ్డలో నిద్రపోతుండేవి. ఎవరైనా అడిగితే, కళ్ళున్నవాడికి చేతికర్ర ఎందుకని నవ్వేవాడు.

అంత మాట అనకుండా ఉండాల్సింది. ఏడాదిగా ఆ టిక్కు ఆయనకు దూరమవుతోంది. వినబడేదాకా మర వదులుతున్నాడు, వదిలిన బండ్లు గలగలమంటూ తిరిగొస్తున్నాయి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తప్పు డూప్లికేట్ పార్టుల మీదకు తోసేశాడు. చెవి పోయిందని ఊరికి తెలిస్తే రవూఫ్‌కు మిగిలేదేముంది? ఆ భయంతో ఆయనకు అన్నం కూడా సయించడం లేదు.

ఇంట్లోనూ అంతే. షెడ్డు వెనకే ఇల్లు, మధ్యన ఒక పాత దుప్పటి తెర. ఏడాది కిందట కూతురు ఆస్రాను నెల్లూరు ఇచ్చిన దగ్గర్నుంచి భార్య ఖుర్షీదా మాటలు మానేసింది. కూతుర్ని అంత దూరం పంపాడని అలిగిందనుకున్నాడు. ముప్పొద్దులా వాగే మనిషి కంచం ముందు పెట్టి ఊరుకుంటుంటే ఆయన ప్రాణం చివుక్కుమనేది. అయినా అడగడానికి నామోషీ.

రెండువేల మూడు వేసవిలో ఒక శనివారం పొద్దున్నే చల్లపల్లి నుంచి జయంత్ అనే కుర్రాడు వచ్చాడు. లైట్లు, మడ్‌గార్డులు పీకేసి, మొరటు టైర్లు తొడిగిన ఫోర్ స్ట్రోక్ మోటారుసైకిలు అతనిది.

"రేపు మినుములు తీసిన చేలో మట్టి రేసండి. టాపెట్లు మీ చెవికి అప్పజెప్తున్నా," అని టిఫినుకు వెళ్ళాడు.

రవూఫ్ బండి స్టార్ట్ చేసి, మర బిగించి, వదిలాడు. ఏమీ వినబడలేదు. ఇంకాస్త వదిలాడు. ఇది సందుల్లో తిరిగే బండి కాదు. ఫుల్ రేసు మీద వదులైన మర కొట్టే దెబ్బలకు వాల్వు విరిగితే ఇంజన్ పట్టేస్తుంది, కుర్రాడు ఎగిరి పడతాడు. అదంతా తెలిసీ ఇంకో పిసరు వదిలాడు.

అప్పుడే భుజం మీద చెయ్యి పడింది. ఖుర్షీదా. చేతికి ఇంకా పిండి అంటుకొని ఉంది. ఆయన ముఖానికి ఎదురుగా నిలబడి చెప్పింది.

"గలగలమంటోందండీ. ఆపేయండి."

రవూఫ్ ఇంజన్ ఆపాడు. కోపం తెచ్చుకుందామని చూశాడు గానీ రాలేదు. సిగ్గు మాత్రం బాగా వచ్చింది.

జయంత్ తిరిగొచ్చేసరికి ఆయన నూనెగుడ్డ విప్పుతున్నాడు.

"మధ్యాహ్నం రా బాబూ. ఇంజన్ చల్లారాక రేకులతో కొలవాలి."

"మీకు రేకులెందుకండి?"

"చెవి వినబట్టంలేదు," అన్నాడు రవూఫ్. అన్నాక ఆకాశం విరిగి మీద పడుతుందేమోనని చూశాడు.

"మా పెదనాన్నకీ అంతేనండి. సరే, మూడింటికి వస్తా," అని జయంత్ గట్టిగా చెప్పి వెళ్ళాడు.

ఇంజన్ చల్లారింది. ఫ్లైవీల్ మీది గీతను గుర్తుకు కలిపి, రెండు వాల్వులూ మూసుకున్నాయని చూసుకొని, రేకును సందులోకి దూర్చాడు. పుస్తకం మధ్య దాచిన నెమలీకను లాగినట్టు, రేకు కొంచెం పట్టి కొంచెం జారింది. నట్టు బిగించేటప్పుడు మర కూడా తిరుగుతుంది కాబట్టి, బిగించాక మళ్ళీ కొలిచాడు. తర్వాత కిక్కు కొట్టి, ఇంజన్ వైపు చూడకుండా ఖుర్షీదా ముఖం చూశాడు.

ఆమె కాసేపు విని, "సన్నగా టిక్కుమంటోంది," అని తల ఊపింది.

రవూఫ్ బండి ఆపి, చేతులు తుడుచుకున్నాడు.

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"పోయిన రంజాన్ నుంచి. మీరే చెబుతారని చూశాను."

"అందుకేనా నాతో మాట్లాడ్డం మానేశావు?"

ఖుర్షీదా విచిత్రంగా చూసింది. "నేను మానేశానా? రొట్టెలు కాలుస్తూ రోజూ తెర వెనక నుంచి చెబుతూనే ఉన్నాగా. మీరు ఊ కొట్టకపోతే నామీదే కోపమనుకొని కంచం దగ్గర ఊరుకునేదాన్ని. చెవి సంగతి తెలిశాక కూడా తెర వెనక నోరు ఊరుకోలేదు."

ఏడాది మాటలు. ఆస్రా కబుర్లు అందులో ఎన్ని ఉన్నాయో. రవూఫ్ లేచి వెళ్ళి గుమ్మానికున్న దుప్పటి తెర తీసేసి, మడిచి బల్ల మీద పెట్టాడు. గిరాకీలు కూర్చునే స్టూలును తన ఎదురుగా జరిపాడు.

"ఏం చెప్పావో మళ్ళీ చెప్పు," అన్నాడు.

ఆమె కూర్చుంది. "ఎక్కణ్ణుంచి మొదలుపెట్టమంటారు?" అని అడిగింది.