సన్న టైర్లు వద్దన్న అల్లుడు

చలికాలం టైర్లు కొనేటప్పుడే అత్తగారు ఐలీ చిలక్కి చెప్పినట్టు చెప్పింది: "సన్నవి తీసుకో గార్త్, మంచుని కోసుకుంటూ పోతాయి. వెడల్పువి పైపైన జారతాయి."

"నా స్పోర్ట్స్ కారుకి సైకిల్ చక్రాలా? అవి మీ డొక్కు బండికే బాగుంటాయి అత్తయ్యా!" అని షాపులో నలుగురి ముందూ నవ్వి, షోకుకి వెడల్పాటివే వేయించుకున్నాడు గార్త్.

తొలి మంచుకే, సడ్‌బరీ ఊళ్ళో చర్చి ముందు మెరక ఎక్కలేక ఆ ఎర్ర కారు జారి రోడ్డు పక్క కాలవలో కూలబడింది. ప్రార్థన ముగించుకొచ్చిన జనమంతా మెట్ల మీద నిలబడి చూశారు. గార్త్‌కి తల కొట్టేసినట్టయింది.

డొక్కు బండి మెరకెక్కి వచ్చి ఆగింది. ఐలీ దిగి తాడు కట్టింది. దెప్పిపొడిచినా బాగుండేది. ఆవిడ తన ఉన్ని టోపీ తీసి అతని నెత్తిన పెట్టి, "చలికి చెవులు ఎర్రబడ్డాయి నాయనా," అంది.

చలికి కాదని ఆవిడకీ తెలుసు.