మచ్చ పడని ముడి

కెజియా చేతులు కట్టేయగానే మూడో తరగతి బెంచీలు ఊగడం మొదలుపెడతాయి.

కట్టింది నేనే, నా పసుపు పూల చున్నీతో, కుర్చీకి. తాడైతే మణికట్టు మీద మచ్చ పడుతుంది, వాళ్ళమ్మ అడుగుతుంది. చున్నీతో ఆ బాధ లేదు. మా బళ్ళో టీచర్లందరం ఇలాగే కడతాం. గంట మోగిందంటే చాలు, ఈ పిల్ల రెండు చేతులూ టపటపా ఆడిస్తుంది. ఆపమంటే ఆపదు. నా ఎక్కాలు గంగలో కలుస్తాయి.

ఇప్పుడు ఆమె కుదురుగానే ఉంది. బెంచీలకే కుదురు లేదు. బోర్డు మీద ఏడు రాస్తే అది కిటికీ దాకా పాకిపోతోంది. నాకు ఒళ్ళు మండుతోంది.

హెడ్మిస్ట్రెస్ విమలగారు గుమ్మంలోంచి చూస్తారు. "బెంచీలు కూడా కట్టెయ్యమ్మా. అదీ నేనే చెప్పాలా?"

టీచర్లందరి చున్నీలూ తెచ్చి బెంచీలు కడతాం. గోడలు ఊగుతాయి. జెండా తాడు తెచ్చి బడి చుట్టూ బిగిస్తాం. బడి ఒక కాలెత్తి నిలబడుతుంది.

"ఇంకేం మిగిలాయి?" అంటారు విమలగారు.

"మనమేనండి."

ఆవిడ రెండు చేతులూ చాపుతారు. "మచ్చ పడకుండా కట్టు."

కట్టి, కెజియా వైపు తిరుగుతాను. మోకాళ్ళ దాకా చెక్క అయిపోయింది. కుర్చీ కాళ్ళేవో, పిల్ల కాళ్ళేవో తెలియడం లేదు. చెక్క నడుము వైపు పాకుతోంది.

"కెజియా, గంట మోగితే నీకేమవుద్దమ్మా?" ఆ మాట అడగడం ఇదే మొదలు.

"చెవుల్లోకి చీమలొచ్చేత్తాయి టీచర్. చేతులాడిత్తే పోతాయి."

ముడి విప్పుతాను. మణికట్టు మీద మచ్చ లేదు. చేతులు మాత్రం కదలడం లేదు.

అంతలో గంట మోగుతుంది. చీమలు బారులు తీరి వస్తాయి. ఆమె చెవుల దగ్గర నా చేతులు టపటపా ఆడిస్తాను. నన్ను చూసి పిల్లలంతా ఆడిస్తారు.

"విప్పవే తల్లీ, చీమలు!" అని అరుస్తారు విమలగారు. ఎవరి చేతులూ ఖాళీగా లేవు.

చీమలు వెనుదిరుగుతాయి. కెజియా చిటికెన వేలు ఒక్కటి కదులుతుంది. నాకు ఏడుపొస్తుంది.

గేటు దగ్గరికి వెళ్తాను. అక్కడ కెజియా వాళ్ళమ్మ నిలబడి ఉంది. ఆమె రెండు మణికట్ల చుట్టూ పసుపు పూలు అచ్చుపడి ఉన్నాయి.

"నా చేతులకి ఇదేంటండి టీచరుగారూ?"

ఆమె చేతులు పట్టుకుని చూస్తాను. చీమలు ఆమె చేతుల మీది పూలను ఒక్కొక్కటే కోసుకుని, చున్నీ లేని నా మెడ మీదికి ఎక్కుతున్నాయి.