కిందికి రాలే పొట్టు

నేను ఒక నల్ల రబ్బరు మాస్కుని. మనిషి ముక్కునీ నోటినీ కలిపి కప్పేస్తాను. రెండు చెంపల పక్కనా బూటు పాలిష్ డబ్బాలంత గుండ్రటి ఫిల్టర్లు ఉంటాయి. పీల్చే గాలి వాటిలోంచి లోపలికి వస్తుంది, దుమ్ము బయటే ఆగిపోతుంది. ఫ్యాక్టరీలో నన్ను వేడి అచ్చులోంచి తీసిన అమ్మాయి మొహానికి ఆనించుకుని గట్టిగా ఊపిరి పీల్చి, పక్కల నుంచి గాలి దూరడం లేదని తేల్చుకుని పెట్టెలో పడేసింది. ఆ రబ్బరు వాసనకి తట్టుకోలేక ఆమె మాత్రం ముక్కుకి చున్నీ చుట్టుకుంది. మనుషుల తీరు నాకు ఆ రోజే కొంత అర్థమై ఉండాల్సింది.

అక్కణ్ణుంచి గోదావరి జిల్లాలో ఒక రంగుల దుకాణానికి వచ్చాను. చాలాకాలం మేకుకి వేలాడాను. వచ్చినవాళ్ళు నన్ను మొహాలకి పెట్టుకుని అద్దంలో చూసుకుని నవ్వుకుని, రంగు డబ్బా కొనుక్కుని వెళ్ళిపోయేవారు. చివరికి కార్లకి రంగులు కొట్టే జిలానీ నన్ను తీసుకెళ్ళాడు. మంచి మనిషి. పని అయ్యాక తడిగుడ్డతో తుడిచి గూట్లో పెట్టేవాడు. తర్వాత అతనికి పెద్ద షెడ్డులో పని దొరికింది, అక్కడ కొత్త మాస్కులు వాళ్ళే ఇచ్చారు. నేను గూట్లోనే ఉండిపోయాను.

జిలానీ ఇంటికీ పక్కింటికీ మధ్య ఒకటే గోడ. ఆ గోడ అవతల సూర్యచంద్రం దగ్గు వినపడేది. సూర్యచంద్రం చెట్లెక్కి కొట్టే మనిషి. కాలవ గట్టు రోడ్డు వెడల్పు చేస్తున్నారు. రోడ్డుకి అటూ ఇటూ ఉన్న పాత నిద్రగన్నేరు చెట్లు పడగొట్టే పని గోవిందు మేస్త్రీకి దొరికింది. మేస్త్రీ మనుషుల్లో మోటారు రంపం పట్టుకుని చిటారుకొమ్మ దాకా వెళ్ళగలిగినవాడు సూర్యచంద్రం ఒక్కడే. ఆ పాత మానుల లోపల బూజు పట్టిన చెక్క, తొర్రల్లో గబ్బిలాల పెంట, ఏళ్ళ తరబడి బస్సులు రేపిన దుమ్ము. రంపం పెడితే అదంతా పొగలా లేచేది.

ఒక ఉదయం జిలానీ నన్ను పట్టుకెళ్ళి సూర్యచంద్రం భార్య నూకరత్నం చేతిలో పెట్టాడు. కొత్త ఫిల్టర్లు ఎక్కడ దొరుకుతాయో, ఎలా బిగించాలో చెప్పాడు. ఆమె వెంటనే వెళ్ళి తెచ్చుకుంది. సూర్యచంద్రానికి ఆమె మేనమామ కూతురు. పెళ్ళికి ముందు నుంచీ బావా అనే పిలిచేది, తర్వాతా అదే పిలుపు.

అతను నన్ను చూసి మొహం చిట్లించాడు. ఇది పెట్టుకుంటే చుట్ట కాల్చేదెలా అన్నాడు. జనం నవ్వుతారన్నాడు. ఆమె వాదించలేదు. తనూ అదే పనికి వచ్చేది కాబట్టి, అన్నం క్యారేజీ సంచిలోనే నన్నూ పెట్టి తెచ్చేది. పచ్చడి వాసన పీల్చుకుంటూ నేను చెట్టు కింద సంచిలో కూర్చునేదాన్ని.

నన్ను అతను మొహానికి పెట్టుకోవడానికి ఒక తొర్ర కారణమైంది. లోపల డొల్లగా ఉన్న కొమ్మని కోస్తుంటే గోధుమరంగు దుమ్ము ఒక్కసారిగా అతని మొహాన కొట్టింది. దగ్గు ఆగలేదు. రంపం చేతిలోంచి జారి తాడుకి వేలాడింది. అతను మానుని కావలించుకుని, కళ్ళు మూసుకుని, ఊపిరి అందేదాకా అలాగే ఉండిపోయాడు. కింద నిలబడ్డ నూకరత్నం పైటచెంగు నోట్లో కుక్కుకుని చూస్తూ ఉంది. దిగి వచ్చాక అతనే సంచిలోంచి నన్ను తీసి తలకి పట్టీ బిగించుకున్నాడు.

మేస్త్రీ మనుషులు రెండు రోజులు నవ్వారు, తర్వాత మర్చిపోయారు. సూర్యచంద్రం దగ్గు నెమ్మదిగా తగ్గింది. రాత్రిళ్ళు హాయిగా నిద్రపోతున్నాడని నూకరత్నం జిలానీ భార్యతో చెప్పడం విన్నాను. నాకు గర్వంగానే ఉండేది.

అయితే నూకరత్నం చేసే పని కూడా ఆ చెట్టు కిందే. నరికిన మండలు ఈడ్చి కుప్ప వెయ్యడం, రంపపు పొట్టు ఊడ్చి గోతాలకెత్తడం. ఆ పొట్టు ఇటుకబట్టీకి వెళ్ళేది. దానితోపాటు ఇంకో పని ఉంది, దానికి ఎవరూ పేరు పెట్టలేదు. పైన ఉన్న మనిషికి ఆకుల్లో ఏమీ కనపడదు. కరెంటు తీగ ఎంత దూరంలో ఉందో, రోడ్డు మీద బస్సు వస్తోందో లేదో, కొమ్మ ఎటు వాలుతోందో కింద నుంచి చెప్పాలి. నూకరత్నం గొంతు మోటారు రంపం మోతని చీల్చుకుని పైకి వచ్చేది. "బావా, ఆగు" అంటే అతను ఆగేవాడు. "కానీ" అంటే కోసేవాడు. నడుముకి కట్టుకున్న మోకుతాడు కంటే అతనికి ఆ గొంతు మీదే నమ్మకం.

అతని మొహం మీద నుంచి నేను చూస్తూనే ఉండేదాన్ని. రంపం పళ్ళ కింద నుంచి లేచిన పొట్టు గాలిలో కాసేపు తిరిగి, మెల్లగా కిందికి దిగేది. ఆమె జుట్టు మీద, కనురెప్పల మీద, అరవడానికి తెరిచిన నోట్లో పడేది. ముక్కుకి పైటచెంగు కట్టుకునేది గానీ, పిలవాల్సి వచ్చిన ప్రతిసారీ దాన్ని కిందికి లాగాల్సిందే. నాకు అన్నీ తెలుస్తూనే ఉన్నాయి. చెప్పడానికి నోరు లేదు. నోరున్నవాళ్ళు పైకే చూస్తున్నారు. చెట్టెక్కినవాడికే ప్రమాదమని అందరి లెక్క.

ఆమెకి మొదట గొంతు గీరుకుపోయింది. తర్వాత పొడి దగ్గు పట్టుకుంది. పోపు ఘాటని ఒకసారి, చలిగాలని ఒకసారి చెప్పింది. మెట్లెక్కితే ఆయాసపడేది. ఆ దగ్గు గోడ అవతలికి వినపడకుండా దిండులో మొహం పెట్టుకునేది. భర్త దగ్గు తగ్గిందన్న సంతోషంలో తన దగ్గుని ఆమే లెక్కలో వేసుకోలేదు.

మాఘమాసంలో ఒక మధ్యాహ్నం, వంతెన పక్కనున్న అన్నిటికంటే పెద్ద మాను మీద ఉన్నాం. సూర్యచంద్రం నడుముకి కట్టుకున్న మోకు వెనకనుంచి జారి, అతను కోస్తున్న కొమ్మకే మెలిపడింది. అది అతనికి కనపడలేదు. కొమ్మ తెగితే దాని బరువుతో అతన్నీ లాక్కుపోతుంది. కింద నుంచి నూకరత్నం చూసింది.

ఆమె నోరు తెరవడం నేను చూశాను. మెడ నరాలు ఉబ్బాయి. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. రంపం కోసుకుంటూనే ఉంది. పిలుపు రాలేదు కాబట్టి అంతా బాగానే ఉందని అతని నమ్మకం.

ఆమె చేతిలో గోతాం పారేసి పరిగెత్తింది. కొమ్మ సరిగ్గా పడే చోటుకి వచ్చి నిలబడి, రెండు చేతులూ పైకెత్తి ఊపింది. మేస్త్రీ దూరం నుంచి అరుస్తున్నాడు గానీ అతని కేక పైదాకా రావడం లేదు. ఆకుల సందులోంచి ఎర్రచీర కదలడం సూర్యచంద్రం కంటపడింది. రంపం ఆపాడు. కొమ్మ చిటపటమంటూ సగం చీలి, అలాగే వేలాడుతూ నిలిచింది.

అతను మోకు విప్పుకుని దిగి వచ్చిన కోపం చెప్పలేను. కొమ్మ కింద నిలబడతావా, చచ్చిపోదామనుకున్నావా అని ఆమె భుజాలు పట్టుకుని ఊపేశాడు.

"కేకేత్తే సరిపోద్ది కదే. ఎందుకు పిలవలేదు?"

ఆమె గొంతు మీద చెయ్యి పెట్టుకుంది. పెదాలు కదిలాయి. "రాలేదు బావా" అన్నట్టు తెలిసింది, మాట మాత్రం వినపడలేదు. తర్వాత దగ్గు వచ్చింది. దిండు లేదు, పోపు లేదు. అందరి ముందూ, రోడ్డు మీదే వంగి కూర్చుని దగ్గింది. ఊసిన దాంట్లో చెక్క రంగు ఉంది.

సూర్యచంద్రం నన్ను ఊడబెరికి ఆమె మొహానికి కట్టాడు. నేను పెద్ద మొహానికి చేసినదాన్ని. ఎంత బిగించినా ఆమె చెంపకీ నా అంచుకీ మధ్య సందు ఉండిపోయింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఛాతీకి ఎక్స్‌రే ఫోటో తీయించి చాలాసేపు చూసింది. ఊపిరితిత్తులు వాచాయనీ, దుమ్ముకి దూరంగా ఉంటే ఆయాసం కొంతవరకూ తగ్గుతుందనీ చెప్పింది. గొంతు సంగతి మాత్రం హామీ ఇవ్వలేనంది. మీ ఇంట్లో మాస్కు ఉంది కదా అని నన్ను చూపించి అడిగింది. సూర్యచంద్రం తలవంచుకున్నాడు. అది నాదండి అన్నాడు.

మర్నాడు అతను పనికి వెళ్ళాడు గానీ చెట్టెక్కలేదు. కింద పనిచేసే ఆడవాళ్ళందరికీ మాస్కులు కావాలనీ, కోసే ముందు మానుని నీళ్ళతో తడపాలనీ మేస్త్రీతో చెప్పాడు. గోవిందు మేస్త్రీ చెడ్డవాడు కాదు, తొందర మనిషి. కింద ఉన్నవాళ్ళకి ఎందుకయ్యా, రంపం పట్టేది నువ్వు కదా అన్నాడు. సూర్యచంద్రం మోకు తీసి మేస్త్రీ కాళ్ళ దగ్గర పెట్టి చెట్టు మొదట్లో కూర్చున్నాడు. పొట్టు ఎత్తే మంగాయమ్మా, ఆమె తోడికోడలూ వచ్చి పక్కన కూర్చున్నారు. మేస్త్రీ వేరే ఊరి నుంచి ఇంకో మనిషిని పిలిపించాడు. అతను మానెక్కి సగంలోనే దిగిపోయాడు. ఆ వారంలోనే మాస్కులు వచ్చాయి, నీళ్ళ ట్యాంకరూ వచ్చింది. మంగాయమ్మ మాస్కు సరిగ్గా పట్టిందో లేదో సూర్యచంద్రం దగ్గరుండి చూశాడు.

నూకరత్నం గొంతు తిరిగి రాలేదు. గుసగుసలాంటి మాట మిగిలింది. దగ్గర కూర్చుంటే అర్థమవుతుంది. ఆమె ఇప్పుడు ఇంటి దగ్గరే మల్లెమొక్కలకి అంట్లు కడుతోంది, తడిమట్టితో పని.

నా రబ్బరు బీటలు వారింది, పట్టీ తెగింది. పాతసామాన్లవాడికి వేస్తే ప్లాస్టిక్ తీసుకుంటాను గానీ రబ్బరు వద్దమ్మా అని ఫిల్టరు మూతలు మాత్రం ఊడదీసుకుపోయాడు. మనుషుల ఊపిరి ఇన్నాళ్ళు మోసినదానికి విలువ అంతే కట్టాడు. నూకరత్నం నన్ను పిట్టగోడ మీద పెట్టి మర్చిపోయింది.

ఇక్కణ్ణుంచి కాలవ గట్టు కనపడదు, రంపం మోత వినపడుతుంది. ఈమధ్య అది మాటిమాటికీ ఆగుతోంది. ప్రతి కొమ్మకీ ముందు సూర్యచంద్రం రంపం ఆపి, కొత్త మాస్కు కిందికి లాగి, కింద ఎవరు ఎక్కడున్నారో కేకేసి కనుక్కుంటాడట. ఆలస్యమవుతోందని మేస్త్రీ గొణుగుతున్నాడట. మంగాయమ్మ వచ్చి చెప్పింది.

మోత ఆగినప్పుడల్లా నూకరత్నం చేతిలో అంటు పట్టుకుని తలెత్తుతుంది. అటే చెవి పెట్టి కూర్చుంటుంది. రంపం మళ్ళీ మొదలయ్యేదాకా ఆమె తల దించదు.