ఏసోబు మెట్లు, సువార్తమ్మ తిత్తి

నేను ఒక హార్మోనీ పెట్టెను. బెజవాడలో ఒక ఇరుకు సందులో, మస్తాన్ సాహెబుగారి చేతుల్లో పుట్టాను. ఒళ్లు టేకు, ముందు తెలుపూ నలుపూ మెట్లు, వెనక గాలి నింపే తిత్తి. పని పూర్తయిన రోజున సాహెబుగారు నా మెట్లన్నీ వరసగా నొక్కి చూసి, "గొంతు బాగుంది, కాస్త పొగరు కూడా ఉంది" అన్నారు. ఆ రెండో మాట ఎందుకన్నారో నాకు ఇప్పటికీ తెలియదు.

మొదట నన్ను తెనాలిలో ఒక నాటక సమాజం కొనుక్కుంది. రాజు వేషానికీ, అతని శత్రువు వేషానికీ నాలుగేళ్లపాటు ఒకే శ్రుతి ఇచ్చాను. స్టేజీ మీద మీసాలు మెలేసి కాలుదువ్విన ఆ ఇద్దరూ తెర వెనక ఒకే బీడీ పంచుకునేవారు. సమాజం మూతపడ్డాక ఒక సంగీతం మేష్టారు నన్ను తీసుకెళ్లి, ముఖమల్ గుడ్డ కప్పి, పదేళ్లు ఎవరినీ ముట్టనివ్వలేదు. ఆయనా ముట్టలేదు. గౌరవంలో ఇంత ఉక్కపోత ఉంటుందని అప్పుడే తెలిసింది.

ఆ ఉక్కలోంచి నన్ను బయటపడేసి, భుజానికెత్తుకుని రేపల్లె పక్క పల్లెకు తీసుకుపోయినవాడు ఏసోబు. నాటకాల్లో పద్యాలకు వాయించడం అతని బతుకుతెరువు. ఆదివారం మాత్రం తమ పేటలోని చర్చిలో పాటలకు వాయించేవాడు. అతని భార్య సువార్తమ్మ ఆ పాటలను ముందుగా ఎత్తుకునే గొంతు. పొయ్యి వెలిగించేముందు ప్రార్థన, గేదెకు గడ్డి వేసేముందు ప్రార్థన. మొగుడితో చెప్పాల్సిన సంగతులు కూడా దేవుడితోనే చెప్పేది, అతనికి వినపడేలా. "ప్రభువా, ఈయనకి చుట్ట మానే బుద్ధి ఇయ్యి" అనేది. ఏసోబు భక్తిగా "ఆమెన్" అని చుట్ట వెలిగించేవాడు.

ఒక ఆదివారం ఏసోబుకి చెయ్యి ఊరుకోలేదు. కీర్తన రెండో చరణం చివర నాటకం పద్యంలోని సాగదీత ఒకటి జొప్పించాడు. ఆడవాళ్ల వైపు నుంచి సువార్తమ్మ తల తిప్పి చూసిన చూపుకి నా మెట్లు చల్లబడ్డాయి. ఇంటికి వెళ్లేదారిలో కాలవ గట్టు మీద ఆమె ఆగింది.

"ఏందయ్యా, దేవుడి పాట మజ్జలోకి నీ నాటకం రాజు ఎందుకొచ్చాడు?"

"పాపం, ఆడూ రక్షణ కోసమే వచ్చాడే."

సువార్తమ్మ కోపాన్ని పట్టి ఉంచాలని చాలా ప్రయత్నించింది. పది అడుగులు వేసి, బైబిలు నోటికి అడ్డం పెట్టుకుని, కరెంటు స్తంభాన్ని పట్టుకుని నవ్వింది. ఏసోబు భుజం మీద నేనూ ఊగిపోయాను.

ముప్పై ఏళ్లు ఇలాగే గడిచాయి. ఒకరోజు పొద్దున పళ్లు తోముకుంటూ ఏసోబు తూలి పడ్డాడు. పక్షవాతం. ఆసుపత్రి నుంచి వచ్చాక కాలు మళ్లీ స్వాధీనంలోకి వచ్చింది, మూతి కొంచెం వంకరపోయింది, ఎడమ చెయ్యి మాత్రం ఒళ్లో పడే ఉంది. నన్ను వాయించేవాడికి కుడి చెయ్యి మెట్ల మీద ఉంటే ఎడమ చెయ్యి తిత్తి మీద ఉండాలి. గాలి లేకపోతే నేను ఉత్త చెక్కపెట్టెనే.

"దాన్ని ఎవరికన్నా ఇచ్చెయ్" అన్నాడు ఏసోబు. చర్చికి వెళ్లడం మానేశాడు. సువార్తమ్మ నన్ను ఎవరికీ ఇవ్వలేదు, అతనితో వాదించలేదు. సాయంత్రం చాప పరిచి ఆమె ప్రార్థనకు కూర్చుంటే అతను గోడవైపు తిరిగి పడుకునేవాడు. నాలుగు నెలలు ఆ ఇంట్లో నవ్వు వినపడలేదు.

ఒక మధ్యాహ్నం అతను గోడవైపు తిరిగే అన్నాడు, "ఇన్నేళ్లు మోకాళ్ల మీద ఉన్నావు. ఆయన నీకు చేసింది ఇదీ."

సువార్తమ్మ తోముతున్న గిన్నె కింద పెట్టింది. "నాకూ కోపంగానే ఉందయ్యా. రోజూ ఆయనకే చెబుతున్నా. నువ్వూ చెప్పుకో. గోడకి కాదు, ఆయనకి."

అని లేచి, తడిచేతులు పమిటకు తుడుచుకుని, నన్ను అతని మంచం పక్కకు తెచ్చింది. నా వెనక్కి వెళ్లి కూర్చుని, బావిలోంచి చేద లాగినట్టు నా తిత్తిని లాగింది. తల్లి కోసం అరిచే గేదెదూడలా అరిచాను.

ఏసోబు ఇటు తిరిగాడు. "దాన్ని చంపుతావా ఏందే?"

"ఎట్టాగో చెప్పు మరి."

మెల్లగా జరిగి కుడి చెయ్యి మెట్ల మీద పెట్టాడు. అతను ఇటు, ఆమె అటు, ఎదురెదురుగా. ఆమె తొందరపడితే పాట పరిగెత్తింది, ఆమె ఆలోచనలో పడితే పాట చచ్చింది. అరగంట పోట్లాడుకున్నాక వంకర మూతితోనే ఏసోబు నవ్వాడు. అది చూసి ఆమె నవ్వింది, ఆ వెంటనే పమిట కళ్లకు అడ్డం పెట్టుకుంది.

నెల తిరిగాక ముగ్గురం చర్చికి వెళ్లాం. మూడో చరణంలో సువార్తమ్మ తన్మయత్వంలో కళ్లు మూసుకుని రెండు చేతులూ పైకెత్తింది. నాకు ఊపిరి ఆగిపోయింది. పాట తెగిన నిశ్శబ్దంలో ఏసోబు గొంతు అందరికీ వినపడింది.

"గాలి, సువార్తా, గాలి."

పాస్టరుగారు పాటల పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. ఆమె కళ్లు తెరవకుండానే ఒక చెయ్యి దించి తిత్తి మీద వేసింది.

పోయిన నెల నా రీడ్లు బాగుచెయ్యడానికి గుంటూరు నుంచి ఒక మెకానిక్కు వచ్చాడు. వీళ్ల అవస్థ చూసి జాలిపడ్డాడు. "బాబాయ్, కాళ్లతో తొక్కే పెట్టె నా దగ్గర ఒకటి ఉంది. దీన్నిచ్చేసి అది తీసుకో. ఎవరి సాయం లేకుండా వాయించుకోవచ్చు."

ఏసోబు దాని గొంతు ఎలా ఉంటుందని ఆసక్తిగా అడిగాడు. వంటింట్లో వంకాయలు తరిగే చప్పుడు ఆగింది.

"ఏమంటావే?" అని కేకేశాడు.

"తీసుకో. నా భుజం బతికిపోద్ది" అని లోపల్నుంచి వినపడింది. కానీ తరిగే చప్పుడు మళ్లీ మొదలవలేదు.

ఏసోబు గడ్డం గోక్కున్నాడు. "బాగానే ఉంటదబ్బాయ్. కానీ ఎదురుగా ఎవరూ ఉండరుగా. నేను ఎవర్ని చూసి వాయించాలి?"

మెకానిక్కు నవ్వి నా రీడ్ల మీదికి వంగాడు. వంటింట్లో చప్పుడు మళ్లీ మొదలైంది, అవసరమైనదానికంటే చాలా జోరుగా. భోజనాల దగ్గర, కూరంతా ముద్దైపోయి ఒక్క వంకాయ ముక్కైనా కనపడటంలేదని ఏసోబు ఫిర్యాదు చేశాడు. సువార్తమ్మ ఇంకో గరిటె వేసింది.