సూర్యుడికి ఆకలెయ్యదు

కూర మూత తీసేసరికి వంటింటి కిటికీ అద్దమంతా ఆవిరి పట్టింది. ఆ తెల్లదనంలోకి చూస్తూ కాసేపు నేను అక్కడ లేను. చిత్తడి నేలలో ఉన్నాను. మోకాళ్ళ దాకా నీళ్ళు, చుట్టూ రెల్లు, రెల్లు కొసన వాలిన తూనీగ. నీటి అడుగున నాచు తీరిగ్గా ఎండ తాగుతోంది. ఆ నాచుని నత్త గీక్కు తింటోంది, నత్త కోసం కొంగ ఒంటికాలి మీద నిలబడింది. ఎవరికీ తొందర లేదు. ఏళ్ళ తరబడి బళ్ళో పిల్లలకి ఈ పాఠం చెబుతున్నాను గానీ చిత్తడి నేలని కళ్ళారా చూసింది లేదు. పుస్తకంలో బొమ్మ చూపించి చెప్పడమే, అదీ అచ్చు చెదిరిన బొమ్మ.

“అమ్మాయ్, పొయ్యి కట్టేశావా? మళ్ళీ పరధ్యానమేనా?” అని అత్తయ్య హాల్లోంచి కేకేసింది. కట్టేశాను.

ఏటా చిత్తడి నేల దగ్గర పెట్టే క్యాంపుకి ఈసారి పిల్లల్ని తీసుకెళ్ళమని మా బడి పెద్ద మేడమ్ నన్నడిగింది. వారం రోజులు అక్కడే ఉండాలి. రేపు పొద్దున్నకల్లా చెప్పకపోతే పక్క సెక్షన్ సారు వెళ్తాడు. ప్రతిసారీ ఆయనే వెళ్తాడు, తిరిగొచ్చి స్టాఫ్‌రూమ్‌లో కొంగల కబుర్లు చెబుతుంటే నేను టీలు అందిస్తూ వింటాను. టీ పని నాకెవరూ అప్పగించలేదు. చేరిన కొత్తలో ఒక మీటింగ్‌లో మర్యాదకి లేచి ఫ్లాస్కు అందుకున్నాను, అంతే, అది నా చేతికి అతుక్కుపోయింది. నిన్న క్యాంపు సంగతి చెబితే మా ఆయన నవ్వాడు. “వారమే! కప్పల్ని చూడ్డానికా? నువ్వు లేకపోతే ఈ ఇంట్లో ఒక్క పూట గడవదు, తెలుసా?” ఎంత ముద్దుగా అన్నాడంటే, నిజం చెప్పొద్దూ, మురిసిపోయాను. వెళ్ళొద్దన్నాడని గిన్నెలు తోముతుంటే గానీ బుర్రకెక్కలేదు.

ఇంతలో మా అమ్మాయి స్టూలెక్కి ఆవిరి అద్దం మీద వేలితో బొమ్మలు మొదలెట్టింది. ఎవరి తిండి ఎక్కణ్ణుంచి వస్తుందో చూపిస్తూ, ఇంటి ఆహార జాలకం గీసుకురమ్మన్నారట దాని బళ్ళో. నాన్న, నానమ్మ, తను, పెరటి గుమ్మం దగ్గరికొచ్చే పిల్లి, మధ్యలో నేను. అందరి దగ్గర్నుంచీ నా వైపు బాణాలు గీసింది. పిల్లలందరూ చేసే తప్పే అది.

“తిరగేశావే. బాణం తినేవాళ్ళ వైపు ఉండాలి. శక్తి ఎటు పోతే బాణం అటు.”

“ఓహో” అని అరచేత్తో తుడిచి, మళ్ళీ గీసింది. ఇప్పుడు బాణాలన్నీ నా దగ్గర బయల్దేరి తలో దిక్కూ పోయాయి. నా వైపు ఒక్కటీ రాలేదు. అది కాసేపు తల గోక్కుని, నా చుట్టూ కిరణాలు గీసేసింది. “అమ్మ సూర్యుడు!”

దాని కేకకి హాల్లోంచి ఇద్దరూ వచ్చారు. “చూశావా, నిన్ను ఏకంగా సూర్యుణ్ణే చేసింది!” అని మా ఆయన పొంగిపోయాడు. “ఇల్లాలంటే అంతేగా మరి” అంది అత్తయ్య కళ్ళొత్తుకుంటూ. పొగడ్తలయ్యాక అందరూ వెళ్ళి బల్ల ముందు కూర్చున్నారు, వడ్డించమని.

నేను అద్దం దగ్గరే ఉండిపోయాను. కిరణాలు నీటి చుక్కలై కిందకి జారుతున్నాయి. బాణం రాకుండా ఏ జీవీ బతకదని చెప్పేదాన్ని నేనే. మరి నేనెలా బతుకుతున్నాను? అందరూ లేచాక, సింకు పక్కన నిలబడి గిన్నె అడుగున మిగిలింది గీక్కుని. “పారెయ్యడమెందుకు, నువ్వేసుకోమ్మా” అని అత్తయ్య రోజూ అనే మాట. మిగిలిపోయినవాటి మీద బతికేవాటిని మా పాఠంలో విచ్ఛిన్నకారులంటాం. వీళ్ళు సూర్యుడంటున్నారు గానీ నేను పుట్టగొడుగుని! నవ్వొచ్చింది. ఆ వెనకే కోపమూ వచ్చింది, చాలా కోపం.

కూర గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టాను. కుర్చీ లాక్కుని, ముందు నా కంచంలో అన్నం, కూర వేసుకున్నాను.

“క్యాంపుకి వెళ్తున్నానండీ. పొద్దున్నే మేడమ్‌కి చెప్పేస్తాను.”

“మరి ఇక్కడ?” అన్నాడు మా ఆయన, గరిటె కోసం నా చేతి వంక చూస్తూ.

“నాలుగు రోజులు గందరగోళంగా ఉంటుంది. తర్వాత సర్దుకుంటుంది.” గరిటె ఆయన వైపు జరిపాను.

“మేమింకా మొదలెట్టనే లేదు” అంది అత్తయ్య, నా కంచం చూసి.

“సూర్యుడికి ఆకలెయ్యదు అత్తయ్యా. నాకేస్తుంది.”

మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. నాలుక చుర్రుమంది. నా చేతి కూర వేడిగా ఉంటే ఇలా ఉంటుందని నాకిన్నాళ్ళూ తెలీదు.