నడక నేర్చిన వాషింగ్ మెషీన్

కొత్త మెషీన్ ఒక్కచోట నిలబడితే కదా! బట్టల నీళ్లు పిండే సమయానికి దడదడలాడుతూ బాత్రూం గుమ్మం వదిలి వంటింటి వైపు బయల్దేరింది. దోర్కా భర్త జీవన్ కుమార్ దాన్ని రెండు చేతులా వాటేసుకున్నాడు. అదీ ఊగింది, ఆయనా ఊగాడు.

"పైన బోరేస్తున్నరా ఏంది?" అంటూ కింది వాటా నుంచి ఇంటి ఓనరు ఉప్పలయ్య పరుగున వచ్చాడు.

"ఈ పూట సూస్త. ఆగకపోతే ఆటోల ఏసి ఉప్పల్ దుకాణానికి వాపస్ పంపుడే," అని తేల్చేసింది దోర్కా అత్త దానమ్మ. బండ మీద బాదని బట్ట ఆమె దృష్టిలో ఉతికినట్టే కాదు.

దోర్కా మెషీన్‌కు అడ్డంగా నిలబడింది. వారమంతా నాచారం ఫ్యాక్టరీలో పని, శనివారం సాయంత్రం బట్టల మూట. చర్చిలో పాటల ప్రాక్టీసు సరిగ్గా అదే వేళకు. ఆ మూట పుణ్యమా అని ఆమె పాడి ఏడాది దాటింది. మెషీన్ పోతే పాట కూడా పోయినట్టే.

సగం బట్టలు తీసేసింది. ఊగింది. మెషీన్ కాళ్లు తిప్పి సమానం చేసి, కింద అట్టముక్క పెట్టింది. ఇంకా హుషారుగా ఊగింది.

"ఫిట్టింగ్ జేసెటోడు సక్కగ జేసిండా బిడ్డా?" అడిగాడు ఉప్పలయ్య.

"యాడ జేసిండు మామా! పాస్టరయ్య ప్రార్థన జేసేదాకా కొత్త వస్తువు ముట్టొద్దని అత్తమ్మ ఆ ఫిట్టింగాయనకు చాయ్ తాపి పంపిచ్చింది. ప్రార్థన అయినంక పైపు మా ఆయననే పెట్టిండు."

ఆ మాట అంటూనే దోర్కాకు ఒకటి తట్టింది. ఫ్యాక్టరీలో తాను చేసే పనేమిటి? మోటార్లు లారీలో కదలకుండా బోల్టులు బిగించి ప్యాక్ చేయడం! గబగబా మెషీన్ వెనక్కి వెళ్లి చూసింది. అక్కడే ఉన్నాయి నాలుగు బోల్టులు, డ్రమ్మును గట్టిగా పట్టుకొని.

"గివి లారీ ప్రయాణానికి పెట్టే బోల్టులు! ఇల్లు చేరినంక ఇప్పాలె. గివి డ్రమ్మును పట్టుకుంటే పెట్టె మొత్తం ఊగుతది!"

ప్లగ్గు పీకి, పానాతో నాలుగూ విప్పేసింది. మళ్లీ వేస్తే మెషీన్ బుద్ధిగా నిలబడి గిర్రున తిరిగింది. దోర్కా ఆనందం పట్టలేక చప్పట్లు కొట్టింది. ఉప్పలయ్య కూడా కొట్టాడు, ఎందుకో ఆయనకే తెలీదు.

దానమ్మ స్టూలు లాక్కుని మెషీన్ అద్దం ముందు కూర్చుంది. లోపల తన చీర తిరుగుతుంటే తల తిప్పుతూ చూసింది. కాసేపటికి కోడలి మీద కసురుకుంది.

"ఇంకా ఈడ్నే నిలవడ్డవేంది? ఆరేసుడు నేను జూసుకుంట. ప్రాక్టీసుకు పో. రేపు చర్చిల నాకు నీ పాట ఇనవడాలె."

దోర్కా మెట్ల మీదే పాట అందుకుంది. చెప్పులు వేసుకోలేదన్న సంగతి గేటు దాటాక గానీ తెలియలేదు.