పేరు రాయని గది

"శనివారాలు నీకెలాగూ ఖాళీయేగా, వచ్చే వారం నుంచి ఆఫీసుకి వచ్చెయ్. నీకోసం టేబుల్ కూడా వేయించాను" అన్నాడు భర్త. ఆమె సింకు దగ్గర గిన్నెలు కడిగి బోర్లిస్తోంది.

ఖాళీ అన్న మాటకి ఆమెకి నవ్వొచ్చింది. అత్తయ్య మందులు, కూతురి స్కూలు బట్టలు, రెండు పూటల వంట ముగించుకుని పరుగెత్తేసరికి లైబ్రరీ మేడ మీది హాల్లో ఇరవైమంది పిల్లలు ఎదురుచూస్తూ ఉంటారు. తొమ్మిది, పది తరగతుల పిల్లలకి ఇళ్లనీ వీధుల్నీ చూడటం, కొలవటం, గీయటం నేర్పే క్లాసు అది. నాలుగేళ్లుగా నడుపుతోంది. ఇంట్లో దాని పేరు 'అట్టపెట్టెల బడి'. ఆ పేరు పెట్టింది భర్తే. అతనూ ఆమే ఒకే కాలేజీలో ఆర్కిటెక్చర్ చదివారు. ఆఖరి ఏడాది అతని డ్రాయింగుల్లో సగం గీతలు ఆమె చేతివే, ఆ సంగతి ఇప్పుడు ఇద్దరికీ తప్ప ఎవరికీ గుర్తులేదు, ఇద్దరిలో ఒకరికి అదీ అనుమానమే. ఇప్పుడతని ఆఫీసులో డ్రాయింగులు గీసే మనిషి మానేశాడు. "మన ఆఫీసే కదా, మళ్లీ నీకు జీతమేంటి? అట్టలు అతికించడం పిల్లలకి ఎవరైనా నేర్పుతారు. నా పని నువ్వు తప్ప ఎవరు చేస్తారు చెప్పు?" పొగడ్తనీ చురకనీ ఒకే గ్లాసులో కలిపి తాగించడంలో అతనికి అతనే సాటి. "కట్టుకున్నవాడి పనికి అడ్డం చెప్తావా అమ్మాయ్?" అని అత్తయ్య ఓ మాట సాయం చేసింది. కాదనడం ఆమెకి చేతకాక కాదు. కాదంటే మూడు రోజులు మూతి విరుపులు భరించాలి, సరే అంటే ఒక్క క్షణంలో అయిపోతుంది. పదహారేళ్లుగా అయిపోతూనే ఉంది.

"సరే, ఇవాళే ఆఖరి క్లాసని పిల్లలతో చెప్పేస్తాను" అంది.

బస్సులో దారిపొడుగునా ఆ మాట ఎలా మొదలుపెట్టాలా అని ఆలోచించింది. ఎన్ని రకాలుగా అనుకున్నా మొదటి వాక్యమే కుదరలేదు.

హాల్లోకి అడుగుపెట్టేసరికి పిల్లలంతా బల్ల చుట్టూ గుమిగూడి దేన్నో దాస్తున్నారు. గదంతా జిగురు వాసన. పొడుగ్గా, సన్నగా ఉంటుందని అందరూ 'స్కేలు' అని పిలిచే అమ్మాయి ముందుకొచ్చింది.

"మీ పుట్టినరోజు ఎప్పుడో మాకు తెలీదు మేడమ్. అడిగితే చెప్పరు. అందుకని ఇవాళే అని మేమే తీర్మానించేశాం."

పిల్లలు పక్కకి జరిగారు. బల్ల మీద అట్టతో చేసిన ఇల్లు. పైకప్పు ఎత్తి చూస్తే, తన ఇల్లే.

ఆమె క్లాసులో మొదటి పాఠం ఎప్పుడూ ఒకటే: ఇల్లు గీసే ముందు ఇంట్లో మనుషుల్ని కత్తిరించండి. ఇంటి కొలతకి తగ్గట్టు కాగితం మనుషుల్ని చేసి, ఎవరు ఎక్కువసేపు ఎక్కడుంటారో అక్కడ నిలబెట్టాలి. ఒక్కరికి చోటు దొరక్కపోయినా ఆ ప్లాను తప్పే. పోయిన నెల ఉదాహరణకని తన ఇంటినే బోర్డు మీద కొలతలతో సహా గీసి, ఏ గది ఎవరిదో రాస్తుండగా టైమైపోయింది. పిల్లలు ఫోటో తీసుకున్నారు.

అట్ట ఇంటి హాల్లో కాగితం అత్తయ్య కాళ్లు చాపుకుని టీవీ చూస్తోంది. భర్త తన గదిలో కంప్యూటర్ ముందున్నాడు. కూతురు మంచం మీద బోర్లా పడుకుంది. తనకోసం ఆమె నేరుగా వంటింట్లోకి చూసింది. అక్కడెవరూ లేరు.

"నేనెక్కడర్రా?"

"మీ గదిలో ఉన్నారుగా మేడమ్" అంది స్కేలు, వంటింటి పక్క గది చూపిస్తూ. "అందరి గదులకీ పేర్లు రాశారు, దీనికొక్కదానికే రాయలేదు. అంటే మీదే కదా!"

ఆ గదిలో బల్ల ఉంది, పుస్తకాల అర ఉంది, లేని కిటికీ ఉంది. కాగితం మనిషి వంగి ఏదో గీసుకుంటోంది. తలుపు వేసి ఉంది.

అది స్టోర్ రూమ్. భర్త పాత డ్రాయింగుల కట్టలు, పాడైపోయిన మిక్సీ, ఎప్పటికైనా పనికొస్తాయని దాచిన డబ్బాలు. 'అది మీరనుకున్నది కాదర్రా' అన్న మాట నాలిక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ఇద్దరు ఆర్కిటెక్టులున్న కొంపలో పదహారేళ్లుగా ఎవరికీ తట్టని ఆలోచన, పదిహేనేళ్ల పిల్లలకి తప్పుగా అయినా తట్టింది. తప్పు కూడా ఎలాంటిది! మేడమ్‌కి గది లేకుండా ఎలా ఉంటుందన్న తప్పు. మనిషికి చోటు లేని ప్లాను తప్పని నాలుగేళ్లుగా తానే చెప్తోంది. పాఠం వీళ్లకి వచ్చింది, తనకే రాలేదు. వీళ్లకి తాను ఏదో ఇస్తున్నానని ఇన్నాళ్లూ అనుకుంది కానీ, ఈ ఇరవైమందికీ ఆమె పడ్డ రుణం తీరేది కాదు. కళ్లనీళ్లు దాచుకోవాలనిపించలేదు. స్కేలుని దగ్గరికి తీసుకుని, "మీరంతా చల్లగా ఉండాలర్రా" అంది. అచ్చం ముసలమ్మలా అన్నానని నవ్వొచ్చింది కూడా.

"బాలేదా మేడమ్?" పిల్లలు కంగారుపడ్డారు.

"కిటికీ ఇంకాస్త పెద్దది పెట్టాల్సింది" అంది కళ్లు తుడుచుకుంటూ. "వచ్చే శనివారం అందరూ టేపులు తెచ్చుకోండి. మన లైబ్రరీ కొలుద్దాం."

సాయంత్రం ఆ అట్ట ఇల్లు భోజనాల బల్ల మీద పెట్టింది. అత్తయ్య కళ్లద్దాలు తెచ్చుకుని మరీ చూసింది. "నన్ను మరీ లావుగా చేశారే" అని నవ్వి, ఆ చిన్న గదిలోకి తొంగి చూసింది. "ఇందులో గాలాడదు అమ్మాయ్. ముందు ఫ్యాను పెట్టించుకో" అంది.

ఆమె అత్తయ్య వంక ఆశ్చర్యంగా చూసింది.

భర్త వంగి పరీక్షగా చూశాడు. "బాగానే చేశారు గానీ, తప్పు. స్టోర్ రూమ్‌కి కిటికీ ఎక్కడుంది?"

"పెట్టొచ్చు. ఆ గోడ మీద పైకప్పు బరువేం లేదు."

"మరి నా పాత డ్రాయింగులు ఎక్కడ పెట్టను?"

"ఆఫీసుకి పట్టుకెళ్లు. అక్కడ నాకోసం వేయించిన టేబుల్ ఖాళీగానే ఉంటుంది."